‘మక్’ అనే గేలిక్ మాట: పుట్టుక, వాడుక, ఇంటిపేర్లు – తరచుగా అడిగే ప్రశ్నలు

మెక్, మాక్ అని మొదలయ్యే పేర్లలో ఆ ముందుమాటకు అర్థం ఏమిటి?

కొడుకు. ఐర్లండ్‌లోని ఐరిష్, స్కాట్లండ్‌లోని గాలిక్, ఐర్లండ్, బ్రిటన్‌ల మధ్యనున్న మాన్ దీవిలోని మాంక్స్ – ఈ మూడింటినీ కలిపి గేలిక్ భాషలంటారు. మూడింటిలోనూ ‘మక్’ అంటే కొడుకే. ఇంటిపేర్లలో మాత్రమే మిగిలిపోయిన పాత మాట కాదిది. ‘నాకో కొడుకున్నాడు’ అనాలంటే ఐరిష్ మాట్లాడేవాళ్ళు ఈరోజుకీ ‘తా మక్ అగమ్’ అంటారు. మాటకు మాట చూస్తే ‘ఉన్నాడు కొడుకు నా దగ్గర’. ఇంగ్లీషులోలాగా ‘కలిగివుండు’ అనే క్రియ గేలిక్‌లో లేదు. మనకూ లేదు. అందుకే ఈ వాక్యం తెలుగువాళ్ళకు మొదటి రోజే పట్టుబడుతుంది.

మెకంజీ, మెకాలే, మెక్‌గ్రాత్, మెకల్లమ్, మెక్‌డొనాల్డ్ – ఇవన్నీ తెలుగునాట నలిగిన పేర్లే. ఒక్కొక్కటీ ‘ఫలానావారి అబ్బాయి’ అనే చిన్న మాటల గుత్తి. అలా విడదీసి చదవడం తెలిస్తే లోపల ఒక వడ్రంగో, పూజారో, వైకింగ్ రాజో కనబడతాడు.

దీన్ని ఎలా పలకాలి? మక్కా, మాక్కా, మెక్కా?

ఐరిష్‌లో, మాంక్స్‌లో హ్రస్వంగా ‘మక్’. స్కాటిష్ గాలిక్‌లో చివరి క్ ముందు గొంతులోంచి గరగరమనే శబ్దం ఒకటి వస్తుంది, కాబట్టి ‘మఖ్క్’ అని వినబడుతుంది. ఇంగ్లీషు ఇంటిపేర్లలో ఊనిక తరువాతి అక్షరం మీద పడుతుంది, ముందున్న అచ్చు అరిగిపోతుంది. మన పత్రికలు ‘మెక్’ అని రాయడానికి కారణం అదే. అందులో తప్పేమీ లేదు. ఈ పేజీలో అసలు గేలిక్ మాటకు ‘మక్’ అనీ, ఇంగ్లీషు ద్వారా వచ్చిన పేర్లకు అలవాటైన రూపమూ రాస్తున్నాం.

ఈ మాట ఎంత పాతది?

రాతి మీద సాక్ష్యం ఉంది. క్రీ.శ. 4 నుంచి 7వ శతాబ్దం దాకా ఐర్లండ్‌లో, ముఖ్యంగా కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్ ప్రాంతాల్లో, పడమటి బ్రిటన్‌లో కొంతమేరకు, ‘ఓగమ్’ అనే లిపిలో స్మారక శిలలు చెక్కారు. సుమారు 400 రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద పెద్ద కథలేమీ ఉండవు: ‘ఫలానావాడిది, ఫలానావాడి కొడుకుది’. ఆ ‘కొడుకు’ మాట ‘మకి’ అనే రూపంలో ఉంటుంది. అది షష్ఠీ విభక్తి, అంటే ‘కొడుకు యొక్క’.

ఓగమ్ చదవడం అనుకున్నంత కష్టం కాదు. రాయి అంచే గీత. కింది నుంచి పైకి చదవాలి. అంచుకు అడ్డంగా ఏటవాలుగా ఒక గీత ఉంటే మ్. అంచు మీదే చిన్న గంటు ఒకటి ఉంటే అ. ఎడమవైపు అయిదు గీతలుంటే క్వ్ అనే పాత హల్లు. అంచు మీద అయిదు గంట్లుంటే ఇ. మొత్తం 12 కోతలతో ‘మకి’ పూర్తవుతుంది. అరిగిపోయిన రాయి మీద ఇంకేమీ తెలియకపోయినా ఈ 1-1-5-5 వరుసను పట్టుకుంటే, దాని ముందున్నది కొడుకు పేరు, తరువాతది తండ్రి పేరు అని తేల్చవచ్చు. కొన్ని రాళ్ళ మీద క్వ్ రెండుసార్లు చెక్కి ఉంటుంది, తికమకపడకండి.

వేల్స్‌లోని సెయింట్ డాగ్‌మెల్స్ రాయి ఇక్కడ తప్పక చెప్పుకోవలసినది. దాని మీద ఒకే సంగతి రెండు భాషల్లో ఉంది. లాటిన్‌లో ‘సగ్రాని ఫిలి కునోతామి’, ఓగమ్‌లో ‘సగ్రగ్ని మకి కునతామి’. లాటిన్ ‘ఫిలి’ ఉన్నచోట ఓగమ్‌లో ‘మకి’ ఉంది. ఓగమ్ లిపిని చదవగలగడానికి ఇలాంటి జంట శాసనాలు ఎంతో తోడ్పడ్డాయి.

వెల్ష్ భాషలో కొడుకును ‘మాబ్’ అంటారు. రెండూ ఒకటేనా?

ఒకే మూలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. పాత కెల్టిక్‌లోని క్వ్ ధ్వని గేలిక్ వైపు క్ అయింది, వెల్ష్, కార్నిష్, బ్రెటన్ వైపు ప్ అయింది. మన పాలు, పులి కన్నడంలో హాలు, హులి అయినట్టే, ఇదీ ఒక్క మాటకు పరిమితమైనది కాదు, వరుసగా సాగిన మార్పు. తల అంటే ఐరిష్‌లో ‘క్యాన్’, వెల్ష్‌లో ‘పెన్’. నాలుగు అంటే ఐరిష్‌లో ‘క్యాహిర్’, వెల్ష్‌లో ‘పెద్వార్’. ‘మాబ్’ పేర్ల ముందు అరిగి ‘అప్’, ‘అబ్’ అయింది, ఆపైన తండ్రి పేరుకే అతుక్కుపోయింది. అప్ రీస్ ప్రైస్ అయింది, అప్ హవెల్ పావెల్ అయింది, అబ్ ఓవెన్ బోవెన్ అయింది.

పుస్తకాల్లో మక్, మిక్, విక్, వక్ అని నాలుగు రకాలుగా కనబడుతోంది. ఏది సరైనది?

నాలుగూ సరైనవే. చోటును బట్టి మాట రూపం మారుతుంది.

బడిలో గసడదవాదేశ సంధి చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. రెండో మాట మొదటి హల్లు మెత్తబడింది. గేలిక్ భాషల్లోనూ ముందున్న మాట ప్రభావంతో తరువాతి మాట మొదటి హల్లు మెత్తబడుతుంది. మ, బ రెండూ వ అవుతాయి, ప కాస్తా ఫ అవుతుంది. రాతలో ఆ హల్లు పక్కన హెచ్ అక్షరం చేరుస్తారు. ఎమ్ పక్కన హెచ్ కనబడితే ‘మ్‌హ్’ అని చదవకూడదు, ‘వ’ అని చదవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అన్నిటికన్నా ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

ఇక రూపాలు. ‘మక్’ ప్రథమ. ‘మిక్’ షష్ఠీ ఏకవచనం, బహువచనం కూడా. ‘అ విక్!’ సంబోధన, మన ‘నాయనా!’ లాంటిది, సొంత కొడుకు కాని కుర్రాళ్ళనూ ఆప్యాయంగా అలా పిలుస్తారు. ‘మొ వక్’ అంటే నా కొడుకు. ‘ఆన్యిమ్ మొ విక్’ అంటే నా కొడుకు పేరు.

అసలు పరీక్ష ‘అ’ అనే చిన్న మాట దగ్గర. అతని, ఆమె అనే రెండు అర్థాలకూ అదే మాట. తేడా తెలిసేది తరువాతి హల్లుతోనే. ‘అ వక్’ అంటే అతని కొడుకు, ‘అ మక్’ అంటే ఆమె కొడుకు. హల్లు మెత్తబరచడం మరిచిపోతే వ్యాకరణం తప్పడంతో ఆగదు, కొడుకు తల్లి వైపుకు వెళ్ళిపోతాడు.

ఇద్దరు కొడుకులు, ముగ్గురు కొడుకులు అని ఎలా చెప్పాలి?

ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్ళు తడబడేచోట తెలుగువాళ్ళు హాయిగా నడుస్తారు. మనం రెండు పుస్తకాలు అంటాం, ఇద్దరు కొడుకులు అంటాం. మనుషులకు వేరే సంఖ్యలు. ఐరిష్‌లో కూడా అంతే. రెండుకు ‘దో’, ఇద్దరికి ‘బెర్ట్’. మూడుకు ‘త్రీ’, ముగ్గురికి ‘త్రూర్’. నలుగురికి ‘క్యాహ్రర్’. ‘తా బెర్ట్ వక్ అగమ్’ అంటే నాకు ఇద్దరు కొడుకులు. ‘బెర్ట్’ తరువాత హల్లు మెత్తబడుతుంది, ‘త్రూర్’ తరువాత మెత్తబడదు, అందుకే ‘త్రూర్ మక్’. స్కాటిష్ గాలిక్‌లో ఇద్దరికి ‘జీ-ఇశ్’.

ఐర్లండ్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు ప్రాథమిక పాఠశాలలో ఐరిష్ చదవాలి. ఈ పాఠం వచ్చినప్పుడు ‘ఇద్దరు, ముగ్గురు లాంటిదే’ అని ఇంట్లో ఒక్క మాట చెబితే సరిపోతుంది.

ఆడవాళ్ళ ఇంటిపేరులో ‘కొడుకు’ ఎలా ఉంటుంది?

గేలిక్‌లో ఉండదు. ఇంగ్లీషులో రాసినప్పుడు మాత్రమే ఉంటుంది.

ఐరిష్‌లో అబ్బాయి ‘మక్ డోనిల్’ అయితే అతని చెల్లెలు ‘నిక్ ఘోనిల్’. ‘నిక్’ అనేది ‘ఇనీన్ విక్’ అనే రెండు మాటల అరుగుదల: కూతురు, కొడుకు యొక్క. అంటే ‘డోనల్ కొడుకు సంతతి ఆడపడుచు’. నిక్ తరువాత ద మెత్తబడి గొంతులోంచి వచ్చే ‘ఘ’ అయింది. క, గ మామూలుగా మారవు, అందుకే ‘నిక్ కార్హీ’ అలాగే ఉంటుంది. స్కాట్లండ్‌లోనూ మక్‌కు జోడీ నిక్కే.

పెళ్ళయి భర్త ఇంటిపేరు తీసుకుంటే ఐరిష్‌లో మూడో రూపం: ‘విక్’. ముందు ‘బాన్’ అనే మాట, అంటే భార్య, ఉన్నట్టు లెక్క. 1997 నుంచి 2011 దాకా ఐర్లండ్ అధ్యక్షురాలిగా ఉన్న మేరీ మెకలీస్ ఐరిష్ పేరు ‘మార్య విక్ యిల్ల ఈస’. విడదీసి చూడండి. ‘మార్య’ ఆమె పేరు. ‘విక్’ వల్ల అది భర్తవైపు ఇంటిపేరని తెలుస్తుంది. ‘యిల్ల’ అసలు రూపం ‘గిల్ల’, దాసుడు. ‘గ’ మామూలుగా మారదన్న నియమానికి ఈ మాట మినహాయింపు. ‘ఈస’ అంటే ఏసు. మొత్తం కలిపితే ఏసుదాసు కొడుకు ఇంటి కోడలు. ఇంగ్లీషు రూపం మెకలీస్‌లో ఇదేమీ కనబడదు. ఒక మాటలో పుట్టిల్లా, అత్తిల్లా అనే సంగతి కూడా పట్టే పద్ధతి ఇది, దాన్ని నిలుపుకుంటున్నవాళ్ళను మెచ్చుకోవాలి.

ఓ’బ్రయన్, ఓ’నీల్‌లోని ‘ఓ’ కూడా కొడుకేనా?

కాదు. ‘ఓ’ అంటే మనవడు, ఆపైన వంశంవాడు. పాత రూపం ‘ఉఅ’. ఆడవాళ్ళకు ‘నీ’, భార్యకు ‘ఈ’. పక్కనున్న కామా గుర్తు గేలిక్‌ది కాదు, దీర్ఘాన్ని చూపే గీతను ఇంగ్లీషు గుమాస్తాలు అలా రాశారు. ఐరోపాలో స్థిరపడిన వంశనామాల్లో ఐర్లండ్‌వి అతి పాతవాటిలో చేరతాయి. ‘ఓ క్లేరీ’ అనే ఇంటిపేరుతో 916లో ఒకరి మరణం రికార్డయింది. మక్ పేర్లు ఎక్కువగా ఆ తరువాత స్థిరపడ్డాయి.

‘మాక్’ అయితే స్కాట్లండ్, ‘ఎమ్‌సి’ అయితే ఐర్లండ్ అంటారు. నిజమేనా?

నిజం కాదు. ఎంతమంది చెప్పినా కాదు. ఎమ్, సి అనేది మాక్‌కు రాతగాళ్ళ సంక్షిప్తం, మనం ‘శ్రీమతి’ని పొట్టిగా రాసుకున్నట్టు. రెండు దేశాల్లోనూ రెండూ ఉన్నాయి. ఒకే మనిషి పేరు ఒక కాగితంలో మాక్ అనీ, ఇంకో కాగితంలో ఎమ్‌సి అనీ ఉండటం పాత రికార్డుల్లో మామూలే. తరువాతి అక్షరం పెద్దదా చిన్నదా అన్నదానికీ నియమం లేదు, ఆ కుటుంబం ఎలా రాసుకుంటే అదే.

దేశం తేల్చే గుర్తు ఒకటుంది, కానీ అది గేలిక్ రాతలోనే. ఐరిష్‌లో మక్ తరువాత ఖాళీ వదులుతారు, స్కాటిష్ గాలిక్‌లో మామూలుగా కలిపి రాస్తారు.

ఒక మాక్ పేరును విడదీసి అర్థం తెలుసుకోవడం ఎలా?

ముందు మాక్ తీసి పక్కన పెట్టండి. మిగిలినదాంట్లో మొదటి అక్షరాలు చూడండి.

‘ఇన్’ లేదా ‘ఇంట్’ కనబడితే అది పేరులో భాగం కాకపోవచ్చు. ‘అన్’ అనే గేలిక్ ఉపపదం (ఇంగ్లీషు ‘ది’ లాంటిది) కావచ్చు, అప్పుడు తరువాత వచ్చేది ఎక్కువగా వృత్తి పేరు. మెకింటైర్ ఇలాంటిదే: మక్ అన్ టీర్, వడ్రంగి కొడుకు. మూలపదం ‘సీర్’. ఉపపదం తరువాత ముందు ‘ట్’ చేరి ‘స్’ పలకకుండా పోతుంది, అందుకే ఇంగ్లీషు చెవికి ‘ఇంటైర్’ అని వినబడింది. మెకింతోష్ అంటే నాయకుడి కొడుకు. మెక్‌టాగర్ట్‌లో ఉన్నది ‘సగర్ట్’, పూజారి. ఇక్కడా అదే ట్, అదే మాయమైన స్. మెక్‌నాబ్ మఠాధిపతి కొడుకు.

మెక్‌ఫర్సన్‌ను కాస్త దగ్గరగా చూడండి. ‘ప్యర్సన్’ అంటే చర్చి గురువు. ఉపపదం తరువాత ప మెత్తబడి ఫ అయింది: మఖ్క్ అ ఫ్యర్సన్. గేలిక్ ఒక్క ముక్క రాని మనిషి ఆస్ట్రేలియాలోనో కెనడాలోనో ఆ పేరు చెప్పుకున్నప్పుడు కూడా, తెలియకుండానే ఆ హల్లు మార్పును పలుకుతున్నాడు. వార్డ్ అనే పేరు ఇంకా చిత్రం. మక్ అన్ వార్డ్, కవి కొడుకు. ‘బార్డ్’లో బ మెత్తబడి వ అయింది, ముందున్నదంతా రాలిపోయింది, మెత్తబడిన రూపమే ఇంటిపేరుగా మిగిలింది.

‘ఇల్’, ‘ఎల్’, ‘అల్’ కనబడితే గిల్ల (స్కాట్లండ్‌లో గిల్యె) ఉందేమో చూడండి. కుర్రాడు, సేవకుడు అని అర్థం. తరువాత సాధువు పేరో, రంగు పేరో ఉంటుంది. మెక్‌ఇల్‌రాయ్ అంటే ఎర్రజుట్టు కుర్రాడి కొడుకు. మెక్లేన్‌లో గిల్యె దాదాపు కరిగిపోయి ‘ల్’ మాత్రం మిగిలింది: సెయింట్ జాన్ దాసుడి కొడుకు. మన శివదాసు, రామదాసుల కోవలోనివే ఇవి.

‘మగ్’ అని మొదలైతే తరువాత ఎక్కువగా అచ్చు ఉంటుంది. మగీ అంటే ఏ అనేవాడి కొడుకు, మెగ్గిన్నిస్ అంటే ఇన్నీస్ కొడుకు. ఇవేవీ కాకపోతే మిగిలినది తండ్రి పేరే. డోనల్ అంటే లోకాన్ని ఏలేవాడు, మన లోకనాథుడి లాంటి పేరు. మెకల్లమ్‌లో ఉన్న కాలమ్ అంటే పావురం. 2008 ఏప్రిల్ 18న ఐపీఎల్ తొలి మ్యాచ్‌లో 158 పరుగులు బాదిన ఆటగాడి ఇంటిపేరుకు అర్థం పావురం కొడుకు. మెక్‌మహాన్‌లో ఎలుగుబంటి ఉంది, మెక్నమారాలో సముద్రపు వేటకుక్క ఉంది.

ఒక హెచ్చరిక. కొన్నిచోట్ల మక్ తండ్రిని చెప్పదు, గుణాన్ని చెబుతుంది. 1040 నుంచి 1057 దాకా స్కాట్లండ్‌ను ఏలిన మాక్బెత్ అసలు పేరు ‘మక్ బెహద్’, ప్రాణం కొడుకు. అది అతనికి పెట్టిన పేరు. తండ్రి పేరు వేరే, ఫిన్లా. అందుకే పూర్తి పేరులో మక్ రెండుసార్లు వస్తుంది. మెక్‌గ్రాత్, మెక్రే ఇంటిపేర్ల మూలంలో కూడా ‘అనుగ్రహం కొడుకు’ అనే ఇలాంటి వ్యక్తినామమే ఉంది.

మెకంజీ, మెకాలే – వీళ్ళ ఇంటిపేర్లు ఏం చెబుతాయి?

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లండ్ లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో పుట్టాడు, గాలిక్ వాడుకలో ఉన్న నేల అది. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సాయంతో మన ఊళ్ళ కైఫీయతులు (స్థానిక చరిత్రలు) సేకరించాడు, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అతని ఇంటిపేరు గాలిక్‌లో ‘మఖ్క్ కోన్యిఖ్’, కోన్యఖ్ కొడుకు. ఆ పేరునే ఇంగ్లీషులో కెన్నెత్ అంటారు. మరి ‘జ’ ఎక్కడినుంచి వచ్చింది? పాత స్కాట్ రాతలో ‘య’ ధ్వనికి తోకున్న అక్షరం ఒకటుండేది. అచ్చు వచ్చాక ముద్రాపకుల దగ్గర ఆ అక్షరం లేక, చూడటానికి దగ్గరగా ఉన్న జెడ్ వాడారు. ‘మకెన్యీ’ అని పలికే పేరు కొన్ని తరాలకు అచ్చులో ఉన్నట్టే ‘మెకంజీ’ అయింది. ఊరూరా పేర్లు నమోదు చేయించిన మనిషి పేరులోనే అచ్చు తప్పు కూర్చుని ఉంది.

మెకాలే అంటే మనకు 1835 నాటి విద్యా నివేదిక గుర్తొస్తుంది. ఆ కుటుంబం మూలాలు స్కాట్లండ్ పడమటి తీరంలోని హెబ్రిడీస్ దీవులవి. ఇంటిపేరు ‘మఖ్క్ అవ్‌లీ’, ఓలాఫ్ కొడుకు. ఓలాఫ్ నార్వే పేరు. 1266 దాకా ఆ దీవులు నార్వే రాజుల కింద ఉన్నాయి, వైకింగ్ పేర్ల ముందు మక్ చేరి గేలిక్ వంశాలు తయారయ్యాయి. మెక్లౌడ్‌లో ల్యోత్, మెకైవర్‌లో ఈవార్, మెక్‌మేనస్‌లో మాగ్నుస్ అలాగే చేరారు.

దత్తమండలాల్లో జనం తలచుకునే థామస్ మన్రో, 1827లో పత్తికొండలో కలరాతో పోయినాయన, ఆయన ఇంటిపేరులో ఇంగ్లీషులో మాక్ లేదు. గాలిక్‌లో మాత్రం ఆ వంశాన్ని ‘మఖ్క్ అన్ రోహిఖ్’ అని కూడా అంటారు.

మాన్ దీవిలో మాక్ పేర్లు ఎందుకు తక్కువ?

తక్కువ కాదు, దాక్కున్నాయి. మక్‌లో ‘మ’ రాలిపోయి ‘క్’ మాత్రం తండ్రి పేరుకు అతుక్కుంది. మక్ విలియం క్విలియం అయింది, మక్ డర్మట్ కెర్మోడ్, మక్ నీల్ నీల్ (రాతలో ముందు పలకని కె ఉంటుంది). కౌలీ అనే పేరు మన మెకాలేకు అన్నదమ్ముడు: అదే ఓలాఫ్ కొడుకు. సి, కె, క్యూలతో మొదలయ్యే ఇంటిపేరు, మనిషిది మాన్ దీవి – ఈ రెండూ కలిస్తే ముందొక మక్ ఉండేదేమో అని వెతకాలి.

మాక్స్‌వెల్, మాల్కమ్, మాక్రాన్ కూడా ఇవేనా?

కావు. మాక్స్‌వెల్ దక్షిణ స్కాట్లండ్‌లోని ఒక చోటు పేరు, మాక్కస్ అనేవాడి మడుగు. మాల్కమ్ ‘మాయిల్ కొలుమ్’, సెయింట్ కొలంబా భక్తుడు. మాక్రాన్ ఫ్రెంచి పేరు. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో మ్యాక్ అడ్రస్ వేరే మూడు మాటల మొదటి అక్షరాలు.

‘మక్’ అంటే ఎప్పుడూ కొడుకేనా? తోడేలును కూడా మక్ అంటారేమిటి?

ఐరిష్‌లో తోడేలు ‘మక్ టీర్య’, నేల కొడుకు. ప్రతిధ్వని ‘మకల్ల’, కొండచరియ కొడుకు. స్కాటిష్ గాలిక్‌లో ‘మఖ్క్ తల్ల’. కెనడాలోని కేప్ బ్రెటన్ నుంచి 1892–1904 మధ్య వెలువడిన గాలిక్ పత్రికకు ఇదే పేరు. విద్యార్థి ‘మక్ లేన్’, చదువు కొడుకు. అమ్మాయి అయినా ఇదే మాట. స్కాటిష్ గాలిక్‌లో ఊహాశక్తి ‘మఖ్క్ మెనమ్న’, మనసు కొడుకు. ‘గాఖ్ మక్ మాహర్’ అంటే తల్లి కన్న ప్రతి బిడ్డా, అంటే అందరూ.

వీటిని మాటకు మాట అనువదించకండి. ‘నేల కొడుకు అరిచాడు’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, తోడేలు అని రాయాలి.

ఇప్పటికీ తండ్రి పేరుతో పిలుచుకుంటారా?

స్కాట్లండ్ దీవుల్లో పిలుచుకుంటారు. ఒకే ఊళ్ళో పదిమంది జాన్ మెక్‌డొనాల్డ్‌లుంటే ఇంటిపేరు పనికిరాదు. అప్పుడు ‘ఇయన్ మఖ్క్ ఘో-ఇల్ ఇక్ అలస్టర్’ అంటారు: అలస్టర్ కొడుకు డోనల్ కొడుకు ఇయన్. రెండో తరం నుంచి ‘విక్’ అరిగి ‘ఇక్’ అవుతుంది. కొత్త కుర్రాడు కనబడితే పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ‘కో లెశ్ ఊ?’ – నువ్వెవరివాడివి? మన పల్లెటూరి అరుగు మీద ‘ఎవరబ్బాయివిరా?’ అన్నట్టే. ఇలా తండ్రిని చెప్పే మక్‌ను చిన్న అక్షరంతో విడిగా రాస్తారు. ఇంటిపేరు మక్‌ను పెద్ద అక్షరంతో రాస్తారు. వంశవృక్షం రాసేవాళ్ళు ఈ తేడా చూసుకోకపోతే ఒక తరం తారుమారవుతుంది.

పాత రికార్డుల్లో ఒక మాక్ పేరు దొరకడం లేదు. ఎక్కడ వెతకాలి?

మాక్, ఎమ్‌సి రెండు రూపాల్లోనూ వెతకండి. పాత లైబ్రరీ సూచికల్లో ఎమ్‌సి పేర్లను మాక్ కిందే కలిపి పెట్టేవాళ్ళు, కంప్యూటర్ మాత్రం అక్షరం ప్రకారం విడదీస్తుంది. తరువాత మాక్ లేకుండా వెతకండి. ఇంగ్లీషు పాలనలో ఐర్లండ్‌లో చాలామంది ఓ, మాక్ వదిలేశారు, 19వ శతాబ్దం చివర్లో కొందరు తిరిగి చేర్చుకున్నారు. ఆపైన అనువాదాలు చూడండి. మక్ గావన్, కమ్మరి కొడుకు, స్మిత్ అయ్యాడు. వడ్రంగి ‘సీర్’కు ‘స్వేచ్ఛ గల’ అని ఇంకో అర్థం ఉండటంతో కొందరు మెకింటైర్లు ఫ్రీమన్‌లయ్యారు.

మెక్‌గ్రెగర్ అయితే ఇంకో కారణం. 1603లో రాజు ఆ ఇంటిపేరునే నిషేధించాడు. 1661లో ఎత్తేశారు, 1693లో మళ్ళీ పెట్టారు, పూర్తిగా రద్దయింది 1774లో. ఆ మధ్యకాలంలో ఆ వంశంవాళ్ళు వేరే ఇంటిపేర్లతో బతికారు.

మన రోజువారీ మాటల్లో ఎక్కడైనా ‘మక్’ ఉందా?

పంచాయతీ పనుల బోర్డు మీద ఉంది. ‘డబ్ల్యుబీఎం రోడ్డు’లో ఎమ్ అంటే మెకాడమ్. జాన్ మెకాడమ్ అనే స్కాట్లండ్ ఇంజనీరు (1756–1836) 6 ఔన్సులు మించని కంకరతో రోడ్డు వేసే పద్ధతి తెచ్చాడు. ఇంటిపేరుకు అర్థం ఆడమ్ కొడుకు. దానికి తారు కలిపి 1902లో పేటెంటు తీసుకున్న రకం టార్మాక్. విమానం దిగగానే ‘టార్మాక్ మీద బస్సు ఎక్కండి’ అంటారు కదా, ఆ చివరి ముక్క 12 కోతలతో రాతి మీద చెక్కిన మాటే. యాపిల్ కంపెనీ 1984లో తెచ్చిన మాక్ కంప్యూటర్‌కు కెనడాలో పుట్టిన మెకింతోష్ ఆపిల్ పండు పేరు పెట్టారు. ఆ పండుకు దాన్ని పెంచిన రైతు ఇంటిపేరు వచ్చింది. నాయకుడి కొడుకు అలా బల్ల మీదికి చేరాడు.

తెలుగులో ఈ పేర్లు ఎలా రాయాలి?

వాడుకలో స్థిరపడ్డ మెకంజీ, మెకాలేలను అలాగే ఉంచండి. కొత్త పేరైతే ఆ మనిషి ఎలా పలుకుతాడో వినండి, అక్షరాలను బట్టి ఊహించకండి. మెక్‌గ్రాత్ పేరు చివర ‘త్’ రాత మాత్రమే, పలుకుబడిలో ‘మగ్రా’. మాక్ తరువాత క వస్తే రెండు క్‌లు పెట్టనక్కర్లేదు. గేలిక్ రూపంలోనే రాస్తున్నప్పుడు స్త్రీ పేరులో నిక్ ఉంటే దాన్ని మాక్‌గా దిద్దకండి. ఫారాల్లో నిక్‌ను మధ్యపేరు గడిలో వేసే పొరపాటు కూడా జరుగుతుంటుంది. నిక్ ఘోనిల్ అంతా కలిపి ఒకే ఇంటిపేరు, ఇంటిపేరు గడిలోనే రాయాలి.